పోపులపెట్టెలో సింగారం

వినాయకచవితినాడు వ్రతకథ వినని తెలుగు యిల్లు అరుదు. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని, ఒక కన్ను కుడుములమీద వేసి పిల్లలందరూ వినే ఆ కథలో పార్వతీదేవి అభ్యంగనానికి సిద్ధపడుతూ నలుగుపిండితో ఒక బాలుడి బొమ్మ చేసి, దానికి ప్రాణం పోసి, వాకిట కాపలా వుంచుతుంది. తరవాతి కథ అందరికీ తెలిసిందే. కైలాసంలో కూడా స్నానమంటే నలుగుపిండి వుండి తీరుతుందని ఆ కథ చెప్పినవారికి అనుమానమే కలగలేదు. తమ యింట్లో వున్నది దేవుడి యింట్లోనూ వుంటుందనుకున్నారు. అంతటి గౌరవం పొందిన వస్తువు యీనాడు చాలా యిళ్లల్లో భోగినాడు, దీపావళినాడు, యింట్లో శుభకార్యం జరిగితే ఆనాడు మాత్రమే డబ్బాలోంచి బయటికి వస్తున్నది.

యిది ఒక వైపు. మరోవైపు చూస్తే, చేతిలో ఫోను వున్న ప్రతివారికీ పూటకొక చిట్కా అందుతున్నది. బంగాళాదుంప చెక్క రుద్దితే కళ్లకింది నలుపు పోతుందని ఒకరు, నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టిస్తే మొహం పాలరాయి అవుతుందని ఒకరు, కాఫీపొడీ పంచదారా కలిపి తోమమని యింకొకరు. మొహమేమన్నా యిత్తడి బిందె కాబోలు, తోమటానికి!

యీ సందడిలో రెండురకాల మనుషులు తయారయ్యారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, వంటింట్లో వున్నదంటే చులకనగా చూసి, సీసామీద పరదేశపు పేరు వుంటే తప్ప నమ్మనివారు ఒక రకం. తినే వస్తువే కదా, రాసుకుంటే ఏమవుతుందని ధైర్యం చేసేవారు రెండో రకం. పచ్చిమిరపకాయ కూడా తినే వస్తువే. అది తరిగిన చేత్తో కన్ను నలుముకున్నవారు మాత్రం యీ వాదన చెయ్యరు.

వంటింటి సామగ్రి చెయ్యగల పనులు మూడు: మురికి తియ్యటం, మెత్తబరచటం, కాస్త మెరుపు తేవటం. యీ మూడూ అది చక్కగా చేస్తుంది. నాలుగోది, అంటే మేని రంగు మార్చటం, దానివల్ల కాదు. చిక్కులన్నీ యీ నాలుగోదాన్ని దానిచేత చేయించాలని చూడటంవల్లే వస్తున్నాయి. దేనివల్ల ఏమవుతుందో, ఎందుకవుతుందో ఒక్కొక్కటే చూద్దాం. మగవారు యిది ఆడవాళ్ల వ్యవహారమని పేజీ తిప్పెయ్యనక్కరలేదు. చుండ్రుకీ, మడమల పగుళ్లకీ ఆడా మగా తేడా లేదు.

నలుగు

నలుగు అనే మాట తెలుగులో నామవాచకమే కాదు, క్రియ కూడా. పిండి పేరులోనే అది చేసే పని వుంది. నలుగుకు ముందు ఒంటికి నువ్వులనూనె పట్టించటం ఆచారం. ఆ ఆచారం వెనక మంచి తర్కం వుంది. చర్మంమీది మురికిలో చాలాభాగం చెమటా, దుమ్మూ, చర్మం తనంతట తాను వూరించే జిడ్డూ కలిసి అంటుకున్నది. జిడ్డు నీటికి లొంగదు, నూనెకు లొంగుతుంది. ముందు రాసిన నూనె ఆ జిడ్డును తనలో కలుపుకుంటుంది. తరవాత రుద్దే పిండి ఆ నూనెను పీల్చుకుని, నలకలు నలకలుగా రాలిపోతుంది. రాలేటప్పుడు చర్మంమీద చనిపోయిన పైపొరను కొంచెం వెంట తీసుకుపోతుంది. మిగిలిన పలచని నూనెపొర ఒంటిని పొడిబారనివ్వదు. స్నానం కాగానే ఒళ్లు నిగనిగలాడటానికి కారణం యిదే.

సబ్బు కూడా మురికి తీస్తుంది, త్వరగానే తీస్తుంది. కాని దానికి క్షారగుణం వుంది. మన చర్మం పైభాగం కొద్దిపాటి ఆమ్లగుణం కలది. శాస్త్రజ్ఞుల కొలతలో చర్మానిది 5 ప్రాంతం, మామూలు సబ్బుది 9 నుంచి 10. అంచేత చలికాలంలో సబ్బు రుద్దుకున్న కాళ్లు తెల్లగా పొట్టు లేస్తాయి. సబ్బును బహిష్కరించమని కాదు. చంకల్లో, పాదాల్లో దాని అవసరం వుంది. పొడిచర్మం వున్నవారు మాత్రం ఒళ్లంతటికీ రోజూ సబ్బే పట్టించనక్కరలేదు.

నలుగుపిండి పాళ్లు యింటింటికీ వేరు. ఒక యింటి లెక్క యిది: పెసలు అరకిలో, పచ్చి శనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, మెంతులు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, ఎండిన గులాబిరేకులు రెండు గుప్పిళ్లు, కస్తూరిపసుపు రెండు చెంచాలు. అన్నింటినీ గలగలలాడేటట్టు ఎండబెట్టి, మరలో పట్టించి, వస్త్రకాళితం చెయ్యాలి. గుడ్డలో దిగిన మెత్తని పిండి మొహానికీ, మెడకీ. గుడ్డలో మిగిలిన రవ్వలాంటిది మోచేతులకీ, మోకాళ్లకీ, మడమలకీ. యీ తేడా పాటించకపోతే రవ్వ మొహాన్ని గీరుతుంది, మంట పుడుతుంది.

పిండి కలుపుకోవటానికి మామూలు చర్మమైతే నీళ్లు చాలు. పొడిచర్మమైతే పాలు, జిడ్డుచర్మమైతే పలచని మజ్జిగ. మొహానికి పట్టించి, పూర్తిగా ఎండి బీటలు వారేదాకా వుంచి, తరవాత గోకి తీసేవారు కద్దు. అది పనికిరాదు. తడిగా వుండగానే వేళ్లతో మెల్లిగా రుద్ది కడిగెయ్యాలి. కలిపిన పిండి మిగిలితే పారెయ్యాలి తప్పితే, రేపటికని ఫ్రిజ్‌లో దాచకూడదు.

యిక్కడ ఒక హెచ్చరిక. పచారీ కొట్టువాడు నలుగు సామాన్ల పొట్లంలో బావంచాలు కూడా కట్టి యిస్తాడు. వాటిలో సొరాలిన్ అనే పదార్థం వుంది. అది ఒంటికి పట్టినమీదట ఎండ తగిలితే చర్మం త్వరగా కమిలిపోతుంది. బొల్లి మచ్చలకు డాక్టర్లు కాంతిచికిత్సతోపాటు జాగ్రత్తగా కొలిచి వాడే మందు యీ పదార్థమే. నలుగులో కొలత లేకుండా వాడవలసినది కాదు. బావంచాలు లేకపోతే నలుగుకు వచ్చిన లోటేమీ లేదు.

తలంటు

దీపావళి తెల్లవారుజామున యింటింటా వినవచ్చే ఏడుపులకు కారణం కుంకుడురసం. కంట్లో పడిందా, టపాకాయలు కూడా ఆ కన్నీళ్లను ఆపలేవు. కాని ఆ మంటపెట్టే గుణమూ, మురికి తీసే గుణమూ ఒకే పదార్థానివి. కుంకుడుకాయ పెచ్చులో సాపోనిన్ అనేది వుంది. లాటిన్‌లో 'సాపో' అంటే సబ్బు. కుంకుడుచెట్టుకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన సాపిండస్ అనే పేరుకు అర్థం 'భారతదేశపు సబ్బు' అని. పట్టుచీరలనూ, నగలనూ మన ఆడవాళ్లు కుంకుడురసంతో శుభ్రం చెయ్యటం యీ మెత్తదనం చూసుకునే.

నడుముదాకా జుట్టు వున్నవారికి పది కాయలు చాలు. కొట్టి, గింజలు తీసేసి, పెచ్చులను వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, చేత్తో పిసికి, నురగ వచ్చిన రసాన్ని వడగట్టుకోవాలి. వడగట్టకుండా పోసుకుంటే పెచ్చుల ముక్కలు వారం రోజులు జడలో కనపడుతూ వుంటాయి. శీకాయ కూడా యీ జాతి పనే చేస్తుంది, కాని కొంచెం తేలిక. రెండూ కలిపి వాడేవారూ వున్నారు. కన్ను మూసుకుని తల వెనక్కి వాల్చి పోయించుకోవటం ఒక్కటే మంటకు మందు. పడితే చల్లని నీళ్లతో బాగా కడగాలి.

కుంకుళ్లు జిడ్డు తీసినతరవాత జుట్టు చిక్కుపడకుండా వుండటానికి మన పెరట్లోనే ఏర్పాటు వుంది. గుప్పెడు మందారాకులు నీళ్లలో వేసి పిసికితే జిగురు వస్తుంది. రాత్రి నానబెట్టిన మెంతులు రుబ్బినా అదే జిగురు. యీ జిగురు వెంట్రుక చుట్టూ పలచని పొరలాగా అంటుకుని, ఒకదానితో ఒకటి రాసుకోకుండా చేస్తుంది. దువ్వెన సాఫీగా దిగుతుంది. యింట్లో అన్నం వార్చే అలవాటు యింకా వుంటే గంజి కూడా యిందుకు పనికివస్తుంది. యిప్పుడు సీసాల్లో కండిషనరు పేరుతో అమ్మేవాటి పని కూడా యించుమించు యిదే.

షాంపూ అనే మాట మనకు పడమటినుంచి వచ్చిందనుకుంటాం. నిజానికి అది యిక్కడినుంచే అక్కడికి వెళ్లింది. ఒళ్లు పట్టటం, మర్దన చెయ్యటం అనే అర్థం గల 'చాంపో' అనే హిందీ మాటే దాని మూలం. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్ది తొలి దశకాల్లో యింగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, దొరలకు ఆవిరిస్నానమూ, మర్దనా అలవాటు చేశాడు. ఆ మర్దన పేరే కాలక్రమాన తలరుద్దే ద్రవానికి స్థిరపడింది. మన తలంటు సీసాలో కూర్చుని తిరిగి వచ్చిందన్నమాట.

అయితే తలంటు చెయ్యలేనివి కూడా చెప్పుకోవాలి. ఏ ఆకూ, ఏ గింజా బట్టతలమీద జుట్టు మొలిపించదు. జుట్టు వుండలు వుండలుగా రాలుతూ వుంటే రక్తహీనత, థైరాయిడ్, జ్వరంపడి లేవటం వంటి కారణాలు వుండవచ్చు. వాటికి మందారం చాలదు, పరీక్ష కావాలి. యిక చుండ్రు. తలమీద చుండ్రు కనపడగానే తల పొడిబారిందని నూనె ముంచి పెడతారు. చుండ్రుకు తోడ్పడే ఒక సూక్ష్మమైన శిలీంధ్రం జిడ్డును తినే బతుకుతుంది. రోజులతరబడి నూనె వుంచటమంటే దానికి విందు చెయ్యటమే. చుండ్రు వున్నవారు నూనె రాసిన పూటే తలంటుకోవాలి. దానికీ తగ్గకపోతే మందుల షాపులో యిందుకని దొరికే షాంపూ వాడుకోవాలి.

మొహమూ, పెదాలూ, పాదాలూ

పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లంవల్ల వస్తుంది. సౌందర్య సాధనాల పరిశ్రమలో చర్మం పైపొరను మృదువుగా తొలగించటానికి వాడే ఆమ్లాలలో యిది ఒకటి. పెరుగులో అది పలచగా వుంటుంది గనక పని కూడా నెమ్మదిగా వుంటుంది, హాని తక్కువ. తాజా పెరుగు ఒక చెంచా మొహానికి రాసి పది నిమిషాల్లో కడిగేస్తే మొహం తేటపడుతుంది. బాగా పులిసిన పెరుగు వద్దు.

మీగడ పొడిచర్మానికి మంచిది. మొటిమలు వున్నవారు మీగడకీ, కొబ్బరినూనెకీ దూరంగా వుండాలి. అవి చర్మరంధ్రాలను మూసి మొటిమలను పెంచవచ్చు. తేనెకు తేమను పట్టి వుంచే గుణం వుంది. పలచగా రాసి పావుగంటలో కడిగితే చాలు. కాని ఏడాది నిండని పిల్లల పెదాలకు మాత్రం తేనె రాయకూడదు, నాకించకూడదు. తేనెలో వుండగల కొన్ని సూక్ష్మజీవుల విత్తులు పసివాళ్ల పేగుల్లో విషం పుట్టించే ప్రమాదం వుంది. పుట్టగానే తేనె నాకించటం ఎంత పాత ఆచారమైనా మానుకోదగినదే.

కీరాదోసకాయ చక్రాలు కళ్లమీద పెట్టుకుంటే చల్లగా, హాయిగా వుంటుంది. ఆ హాయి నిజం. కళ్లకింది నలుపు పోతుందనటం మాత్రం నిజం కాదు. అది కొందరికి వంశపారంపర్యం, కొందరికి నిద్ర చాలక.

పెదాల పగుళ్లకు వెన్నను మించింది లేదు. ఆయుర్వేదంలో శతధౌత ఘృతమని ఒకటి వుంది. నేతిని రాగిపాత్రలో నీళ్లతో నూరుసార్లు కడిగితే అది తెల్లగా, వెన్నకన్న మెత్తగా, జిడ్డు తెలియని లేపనంగా మారుతుంది. నూరుసార్లు కడిగే ఓపిక అందరికీ వుండదు గనక వెన్నతో సరిపెట్టుకోవచ్చు.

మడమల పగుళ్లకు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు వుంచి, తుడిచి, తడి ఆరీ ఆరకముందే నువ్వులనూనెగాని నెయ్యిగాని పట్టించి, నూలు మేజోళ్లు తొడుక్కుని పడుకోవాలి. రెండు వారాలు క్రమంగా చేస్తే ఫలితం తెలుస్తుంది. చక్కెరవ్యాధి వున్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి వుండవచ్చు. వారు నీళ్ల వేడిని యింట్లో మరొకరిచేత చూపించుకోవాలి. బ్లేడుతో పగుళ్లు గీసుకోవటం అసలే వద్దు.

పసుపు

పోపులపెట్టెలో రాణి పసుపే. దాని పచ్చదనానికి కారణం కర్క్యుమిన్ అనే పదార్థం. దాన్నిగురించి ప్రయోగశాలల్లో ఎంత పరిశోధన జరిగిందో మన వంటిళ్లల్లోనూ అంత పరిశీలన జరిగింది. బట్టమీద పసుపుమరక సబ్బు తగలగానే ఎర్రబడుతుందని ప్రతి గృహిణికీ తెలుసు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందనీ తెలుసు. రెండింటికీ కారణం ఒకటే: క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది. ఆ మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోతుందనీ తెలుసు. కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనెతో కలిపి రాసిన పసుపు ఒక పట్టాన వదలదు.

గాయానికి పసుపు అద్దటం మన దేశంలో యింటింటి వైద్యం. అమెరికాలో 1995లో ఒక విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యకేంద్రానికి, గాయాలు మానటానికి పసుపు వాడే విధానంమీద పేటెంటు యిచ్చారు. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దాన్ని సవాలు చేసింది. యిది కొత్తగా కనిపెట్టింది కాదనీ, మాకు ఎప్పటినుంచో తెలిసినదేననీ పాత గ్రంథాలూ, వ్యాసాలూ చూపించి వాదించింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన అమ్మమ్మలు చేసే పనికి మనం అనుమతి అడగవలసిన దుస్థితి అలా తప్పింది.

మొహానికి పసుపు రాసుకునేవారు వంట పసుపుకు బదులు కస్తూరిపసుపు వాడటం మంచిది. దానికి వాసన ఎక్కువ, రంగు అంటటం తక్కువ. కంటికి యింపుగా వుండాలని సీసం కలిసిన రంగు పట్టించిన పసుపు దక్షిణాసియా బజార్లలో పట్టుబడుతూ వుంది. సీసం పిల్లల మెదడుకు చేటు. అంచేత తినటానికైనా, రాసుకోవటానికైనా కొమ్ములు కొని దంచుకోవటమో, నమ్మకమైనచోట పట్టించుకోవటమో మేలు. పసుపు రాస్తే మొహంమీద నూగు శాశ్వతంగా పోతుందన్నది నమ్మకం మాత్రమే. రుద్దుడుకు కొన్ని వెంట్రుకలు వూడతాయి, వేళ్లు వుంటాయి, మళ్లీ వస్తాయి.

గోరింటాకు

గోరింటాకు వంటింటిది కాదు, పెరటిది. అయినా రుబ్బేది వంటింటి రోట్లోనే గనక యిక్కడ చేర్చవచ్చు. ఆషాఢంలోనూ, అట్లతద్దికీ అది పెట్టుకోని ఆడపిల్ల వుండదు. ఆకులోని లాసోన్ అనే రంగుపదార్థం చర్మంలోనూ, గోళ్లలోనూ, జుట్టులోనూ వుండే కెరాటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అరిచేతిలో పైపొర మందం గనక అక్కడ బాగా పండుతుంది. పైపొర రాలినకొద్దీ వెలిసిపోతుంది. గోటిమీదిది గోరు పెరిగి కత్తిరించేదాకా వుంటుంది.

ఆకు పండితే ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు. నల్లగా పండుతుందని అమ్మే కోనుల్లో తరచు జుట్టుకు వేసే రసాయనిక రంగు కలుపుతారు. అది పడనివారికి బొబ్బలు లేచి, మచ్చలు మిగులుతాయి. చంటిపిల్లల అరికాళ్లకు ముచ్చటకని గోరింటాకు పెట్టటం కూడా మంచిది కాదు. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకు ఆ ఆకురసం ఒంటికి పడితే ఎర్రరక్తకణాలు విరిగిపోయే ప్రమాదం వుంది. ఏ బిడ్డకు ఆ లోపం వుందో చూసి చెప్పలేం గదా.

నిమ్మరసం, వంటసోడా

మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి వేసవి సెలవుల తరవాత తరగతికి వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, చున్నీ మొహంమీంచి తియ్యలేదు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని ప్రబంధపద్యం చదివేటప్పుడు తప్పు దిద్దుకునే పిల్ల. పెళ్లిచూపులు నిశ్చయమైనందున వారం రోజులపాటు ఆమె మొహానికి నిమ్మరసంలో వంటసోడా కలిపి పట్టించారట. ఆ వారంలో ఒకనాడు అది కడిగీ కడగకుండా మేడమీద వడియాలకు కాపలా కూర్చుంది. రెండు రోజులకు చెంపలు మండి, రసం కారినచోటల్లా మెడదాకా ముదురు గోధుమరంగు చారలు తేలాయి. "తెల్లబడదామని రాసుకుంటే, వున్న రంగు కూడా పోయిందండీ" అన్నది. డాక్టరు యిచ్చిన సలహా: యిక ఏమీ రాయవద్దు, ఎండలోకి వెళ్లవద్దు, ఓపిక పట్టు. ఆ చారలు మాయటానికి నెలలు పట్టింది. పెళ్లిచూపులవారు ఏమన్నారో నేను అడగలేదు.

జరిగింది వింత ఏమీ కాదు. నిమ్మజాతి కాయల రసంలోనూ, తొక్కలోనూ బావంచాల్లో వుండే జాతి పదార్థాలే వున్నాయి. రసం అంటిన చర్మంమీద ఎండ పడితే కాలిన గాయంలాంటిది పుడుతుంది, దాని వెనక నల్లమచ్చ. పైగా నిమ్మరసం ఆమ్లగుణం చర్మం తట్టుకోగల దానికన్న చాలా ఎక్కువ. వంటసోడాది వ్యతిరేక గుణం, క్షారం. రెండూ కలిస్తే బుసబుస పొంగటం చూసి అదేదో పని జరుగుతున్నదనుకుంటాం. ఆ పొంగు వంటపాత్రలకు చాలు. వెల్లుల్లి నూరి మొటిమమీద పెట్టటం, దాల్చినచెక్క పొడి పట్టించటం కూడా యిలాంటివే. వెల్లుల్లి చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది.

మంగు మచ్చలగురించి కూడా ఒక మాట. కాన్పుల తరవాత చాలామంది స్త్రీలకు చెంపలమీద మంగు వస్తుంది. పాలలో జాజికాయ అరగదీసి పట్టించటం పాతకాలపు వాడుక. మంట పుట్టేటట్టు రుద్దితే మంగు తగ్గకపోగా ముదురుతుంది. మంగును పెంచేవాటిలో ముఖ్యమైనది ఎండ. గొడుగూ, చెంగూ, డాక్టరు చెప్పిన ఎండక్రీమూ దానికి మొదటి మందు. ఎండను ఆపగల వస్తువు పోపులపెట్టెలో ఏదీ లేదు.

ఏ కొత్త వస్తువైనా మొహానికి రాసేముందు మోచేతి మడత లోపల కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు చూడాలి. దురద, ఎరుపు రాకపోతేనే మొహానికి. శనగపిండి పడనివారూ, పసుపు పడనివారూ వున్నారు. అందరికీ పడుతుందనే మాట ఏ వస్తువు విషయంలోనూ చెల్లదు.

నలుపు నారాయణ మెచ్చు

యిక ఆ నాలుగో పని విషయం. మన చర్మానికి రంగు యిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవారికీ, నల్లవారికీ దాదాపు సమానంగానే వుంటాయి. తయారయ్యే పరిమాణంలోనే తేడా. అది ఎండలోని హానికర కిరణాలను తనమీద వేసుకుని లోపలి కణాలను కాపాడుతుంది. మండే ఎండల దేశంలో పుట్టినవారికి ప్రకృతి యిచ్చిన గొడుగు అది. ఎండకు కమిలిన నలుపు కొన్నాళ్లకు తగ్గుతుంది, నలుగు అందుకు కాస్త తోడ్పడవచ్చు. పుట్టుకతో వచ్చిన ఛాయను శనగపిండీ మార్చదు, కుంకుమపువ్వూ మార్చదు.

వంటింటి వస్తువు మార్చలేకపోయిందని తెలిసినతరవాత చాలామంది బజారుకు వెళతారు. అసలు ప్రమాదం అక్కడుంది. తెల్లబరుస్తామని అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం పట్టుబడింది. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, దానితోపాటు మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. రాసుకున్నవారి నుంచి యింట్లోని పిల్లలకూ అంటుతుంది. మరికొందరు మందుల షాపులో ఎవరో చెప్పిన ట్యూబు కొని రోజూ రాస్తారు. అందులో స్టెరాయిడ్ వుంటే వారం రోజుల్లో మొహం మెరుస్తుంది, నెలల్లో చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలూ వెంట్రుకలూ పుట్టుకొస్తాయి. మానేస్తే మంట. 2018లో కేంద్రప్రభుత్వం యిలాంటి స్టెరాయిడ్ పూతమందులు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదనే జాబితాలో చేర్చింది. 1975 నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న ఒక ప్రసిద్ధమైన క్రీము 2020లో తన పేరులోంచి తెల్లదనాన్ని సూచించే మాటను తీసివేసింది. డబ్బామీది మాట మారింది. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో మాట యింకా పూర్తిగా మారలేదు.

మన సాహిత్యం తిరగేస్తే యీ తెల్లపిచ్చికి ఆధారం బలంగా కనపడదు. భారతంలో అందానికి పెట్టింది పేరు ద్రౌపది. ఆమెకు కృష్ణ అనే పేరు వచ్చింది ఆమె నల్లని మేనిఛాయనుబట్టే. విరాటుని కొలువులో ఏడాదిపాటు సైరంధ్రిగా, అంటే రాణికి గంధం తీసి, జడవేసి, పూలు కట్టి సింగారించే పనిమనిషిగా వున్నదీ ఆమే. ప్రపంచంలోని గంధాలూ లేపనాలూ అన్నీ చేతిలో వున్న మనిషి తన రంగు మార్చుకోవాలనుకోలేదు. చామనఛాయ అని మనం అంటున్న మాటలోని చామనకు మూలం శ్యామ శబ్దం. రాముణ్ణీ, కృష్ణుణ్ణీ వర్ణించేది ఆ మాటతోనే. నలుపు నారాయణ మెచ్చు అన్న సామెత పుట్టించినవారు మనవారే. అయితే సామెత చెప్పేది నారాయణుడి సంగతి. కోడలిని వెతికేటప్పుడు మనం నారాయణుడితో ఏకీభవించటం లేదు.

వారానికొక పూట

యివన్నీ చేసుకోవటానికి ఎంతో సమయం పట్టదు. ఆదివారం ఉదయం గంటసేపు చాలు. తలకీ, ఒంటికీ నువ్వులనూనె పట్టించి అరగంట వుండాలి. ఆ అరగంటలో కుంకుళ్లు నానతాయి, మందారాకు పిసకటం అవుతుంది. నలుగుతో స్నానం, కుంకుడురసంతో తలంటు, చివర మందారాకు జిగురు. మొహానికి పది నిమిషాలు పెరుగు. రాత్రి పడుకునేముందు మడమలకు నెయ్యి. నూనె కాళ్లతో స్నానాలగది గచ్చుమీద జారకుండా చూసుకోవటం అన్నిటికన్న ముఖ్యం, పెద్దవాళ్ల విషయంలో మరీను. మొటిమలు చీము పట్టినా, మచ్చలు పాకినా, యీ చిట్కాలన్నీ పక్కనపెట్టి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

చంటిపిల్లలకు గట్టిగా నలుగు రుద్దవద్దు. పుట్టినప్పుడు ఒంటిమీద వుండే నూగు కొద్ది వారాల్లో దానంతట అదే రాలిపోతుంది, పిండితో లాగనక్కరలేదు. నూనెతో మెత్తగా ఒళ్లు పట్టి స్నానం చేయిస్తే హాయిగా నిద్రపోతారు. కాస్త ఎదిగిన పిల్లలకు నలుగు పెట్టేటప్పుడు చాలామంది తల్లులు, అమ్మమ్మలు ప్రేమగానే ఒక మాట అంటూ వుంటారు: "రుద్దించుకోవే, తెల్లగా అవుతావు" అని. ఆ పిల్ల ఆ రోజున నేర్చుకునేది నలుగు సంగతి కాదు, తన రంగులో ఏదో తప్పు వుందన్న సంగతి. పదేళ్ల తరవాత నిమ్మరసమూ, ట్యూబులూ చేతికి తీసుకునేది ఆ మాటవల్లే. వచ్చే భోగినాడు పిల్లకు నలుగు పెట్టేటప్పుడు "రుద్దించుకో, ఒళ్లు తేలికపడుతుంది" అని చెప్పండి. అది నిజం కూడాను.